పాత కారు ఛాసీకి బలం: ఎక్కడ కొలవాలి, ఎక్కడ అతకాలి

ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, అదే వైపు తలుపు తీసి వేసి చూడండి. చక్రాలన్నీ నేల మీద ఉన్నప్పుడు టక్కున మూసుకున్న తలుపు ఇప్పుడు లాకు దగ్గర రాసుకుంటున్నా, దాని చుట్టూ సందు ఒకచోట మూసుకుని ఇంకోచోట తెరుచుకున్నా, కారు మెలి తిరుగుతోందన్నమాట. స్పీడ్ బ్రేకర్‌ని వాలుగా ఎక్కితే డాష్‌బోర్డు వణకడం, ముందు అద్దం మూల పదేపదే పగలడం, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవకపోవడం కూడా ఈ జబ్బు లక్షణాలే.

అక్కడి నుంచి చాలామంది నేరుగా వెల్డింగ్ షాపుకి పోతారు. "గట్టిగా ఉంటుంది సార్, ఐదు ఎంఎం ప్లేటు వేసేద్దాం" అంటాడు మేస్త్రీ. వేస్తాడు కూడా. బండి బరువెక్కుతుంది, మెలిక మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మెలికను ఆపేది ఉక్కు మందం కాదు, దాని ఆకారం. ఆ తర్వాత అతుకులు. ఈ పని మొత్తానికీ ఇదొక్కటే సూత్రం.

ఏ కార్లకు ఇది వర్తిస్తుంది

విడి ఛాసీ (బండిని మోసే ఉక్కు చట్రం) మీద బాడీ బోల్టులతో కూర్చునే కార్లకే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలకు విడి ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ; వాటి మరమ్మతు దారి వేరు. చెన్నైలో పాత కార్ల ఇళ్లలో కనబడే విడి ఛాసీ బళ్లు స్టాండర్డ్ హెరాల్డ్, స్టాండర్డ్ వాన్‌గార్డ్, మహీంద్రా జీపులు, లాండ్ రోవర్లు, పాత అమెరికన్ పెద్ద కార్లు.

ఇక్కడ ఉదాహరణకు హెరాల్డ్‌నే తీసుకుంటాను. 1961 నుంచి ఈ ఊళ్లోనే తయారైన కారు. పైగా ఛాసీ అంటే ఏమిటో విప్పి చూపించడానికి దీనికి మించింది లేదు. నడుమ దగ్గరదగ్గరగా పోయే రెండు పెద్ద రెయిళ్లు, వాటి నుంచి పక్కలకు చాచిన చేతులు, వాటినే ఔట్‌రిగ్గర్లు అంటారు, వాటి చివరలను కలుపుతూ గుమ్మాల కింద సన్నటి పక్క రెయిళ్లు. వెనక డిఫరెన్షియల్, అంటే ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె, నేరుగా ఛాసీకే బిగుస్తుంది. అడ్డంగా పడుకున్న ఒకే ఒక్క పట్టీల స్ప్రింగు డిఫరెన్షియల్ నెత్తి మీద కూర్చుంటుంది. అంటే వెనక చక్రాల బరువంతా చేరేది డిఫరెన్షియల్‌ను బిగించే ఆ బోల్టుల చోటికే. బాడీ కూడా ముందు భాగం, వెనక భాగం విడివిడిగా వచ్చి మధ్యలో బోల్టులతో కలుస్తుంది. ఇన్ని అతుకులున్న బండిలో ఒక అతుకు వదులైనా ఆ కదలిక తలుపు సందులోనే బయటపడుతుంది.

ముందు కాగితాలు

వెల్డింగ్ మిషన్ ఆన్ చేసే ముందు ఆర్‌సీ చేతిలో పట్టుకుని ఛాసీ నంబరు ఎక్కడ కొట్టి ఉందో వెతికి, సరిపోల్చి, ఫొటో తీసి పెట్టుకోండి. ఆ అంకెల మీద గ్రైండర్ గానీ ప్లేటు గానీ పడకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు.

ఇంకో చిక్కు 2021 నాటి వింటేజ్ నిబంధనలది. 50 ఏళ్లు దాటిన కారుకు రాష్ట్ర అక్షరాల తర్వాత 'వీఏ' అని వచ్చే ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసీలో, బాడీలో, ఇంజన్లో మార్పులు చేస్తే అది అసలు రూపం కిందికి రాదని నిబంధనే చెబుతోంది. హెరాల్డులన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. కాబట్టి ముందే తేల్చుకోండి: తుప్పు పట్టిన భాగాన్ని అదే ఆకారంలో, అదే మందంలో మార్చడం మరమ్మతు. లేని అడ్డదూలాన్ని కొత్తగా పెట్టడం మార్పు. వీఏ నంబరు కావాలనుకుంటే మొదటిదాని దగ్గరే ఆగిపోవడం నయం. నా లెక్కలో పదింట ఏడెనిమిది బళ్లకు అది చాలు కూడా.

మూసిన గొట్టం, చీల్చిన గొట్టం

బట్టల కొట్లో తాను చుట్టే అట్టగొట్టం ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండు చేతులా పట్టి మెలి తిప్పితే కదలదు. ఇప్పుడు బ్లేడుతో దాన్ని నిలువునా ఒక్క గీత చీల్చి మళ్లీ తిప్పండి. అదే అట్ట, అదే బరువు, కానీ ఒట్టి కాగితంలా తిరిగిపోతుంది.

ఉక్కుతోనూ అంతే. 100 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న సీ ఛానల్‌ను, అంటే ఇంగ్లిష్ సీ అక్షరంలా ఒక వైపు తెరిచి ఉన్న దూలాన్ని, తీసుకుందాం. తెరిచి ఉన్న సెక్షన్‌కు మెలిక స్థిరాంకం (మెలికను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) లెక్క సులువు: మొత్తం చుట్టు పొడవును మందం ఘనంతో గుణించి 3తో భాగించాలి. 200 ఇంటూ 27 బై 3, అంటే సుమారు 1,800. తెరిచిన వైపు అదే మందం ప్లేటుతో మూసేస్తే లెక్క మారిపోతుంది. లోపల చుట్టబడ్డ వైశాల్యం వర్గం దీన్ని నడిపిస్తుంది, అప్పుడు దాదాపు 8,66,000 వస్తుంది. అంటే 480 రెట్లు. బరువు పెరిగింది సగం కూడా కాదు.

ఈ 480 చూసి సంబరపడొద్దు. అది ఒక్క దూలానికి, అంచుల దగ్గర ఏ పట్టూ లేనప్పటి లెక్క. ఛాసీ మొత్తానికి అన్ని రెట్లు ఎప్పటికీ రాదు, ఎందుకంటే అడ్డదూలం వచ్చి కలిసే చోటే మెత్తగా ఉంటే మధ్యలో ఎంత గట్టి గొట్టం ఉన్నా లాభం లేదు. ఇంకా ముఖ్యమైనది: మూసి ఉండాల్సిన పెట్టె సెక్షన్‌లో తుప్పు ఒక వరుసను తినేస్తే అది చీల్చిన గొట్టమే. హెరాల్డ్ ఔట్‌రిగ్గర్లలో జరిగేది సరిగ్గా ఇదే. పైకి రంగు నిగనిగలాడుతుంది, కింది అంచు అతుకు వెంబడి లోపలంతా పొడి.

మొదటి పని: తుప్పు పట్టిక

బండిని చదునైన నేల మీద యాక్సిల్ స్టాండులకెక్కించండి. సిమెంటు ఇటుకలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. బ్యాటరీ తీసేయండి, పెట్రోల్ ట్యాంకు, పైపులు బయటికి తీసి దూరంగా పెట్టండి.

కిలో లోపు గుండు సుత్తితో రెయిలు వెంబడి చెయ్యి వెడల్పుకొక దెబ్బ కొట్టుకుంటూ వెళ్లండి. ఆరోగ్యంగా ఉన్న ఉక్కు ఖంగుమంటుంది. పొరలు పొరలుగా ఊడుతున్నది మొద్దుగా, తడిగా పలుకుతుంది. అలా పలికిన చోట సుద్దతో గుర్తు పెట్టి, పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ఇక్కడ మెహర్బానీ పనికిరాదు. దిగబడాల్సింది ఇప్పుడే దిగబడాలి. అల్ట్రాసోనిక్ మందం గేజు దొరికితే రంగు గీకి ప్రతి సెక్షన్ మందమూ రాసుకోండి. అసలు మందంలో నాలుగో వంతు పోయిన చోట ప్యాచ్ కాదు, ఆ ముక్క మొత్తం మార్చాలని నా పద్ధతి.

సముద్రం పక్కనున్న తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు పెరిగిన బళ్లకు ఉప్పుగాలి పై నుంచి తింటుంది. 2015 డిసెంబరు వరదలోనో, 2023 మిచౌంగ్ తుఫాన్‌లోనో మునిగిన బండికి లోపలి నుంచి. రెండో రకం కనబడదు. పెట్టె రెయిళ్ల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలు బురదతో మూసుకుపోయి ఉంటాయి, తీగతో పొడిస్తే ఎండిన ఒండ్రు రాలుతుంది. అది రాలిందంటే ఆ రెయిల్‌ను అనుమానించాల్సిందే.

బాడీకీ ఛాసీకీ మధ్య రబ్బరు దిమ్మలు కూడా ఇప్పుడే చూడండి. చచ్చుబడిన రబ్బర్లు మార్చి బోల్టులు సరిగా బిగిస్తేనే సగం వణుకు పోయిన బళ్లున్నాయి. అలాంటప్పుడు తర్వాతి భాగాలు మీకు అక్కర్లేదు.

రెండో పని: మెలికను కొలవడం

దీన్ని ఎవరూ చేయరు. చేస్తే వెల్డింగ్ ఖర్చు సగమవుతుంది.

బాడీ దించిన ఛాసీని వెనక స్ప్రింగు, డిఫరెన్షియల్ పట్టే చోట బరువైన గడ్డర్ల మీద కదలకుండా బిగించండి. ముందు సస్పెన్షన్ పట్టే చోట అడ్డంగా ఒక దూలం కట్టి, దాని నడిమధ్యలో కింద ఒక్క ఆనిక మాత్రం ఇవ్వండి, తక్కెడలా అటూ ఇటూ ఊగేలా. నడుమ నుంచి సరిగ్గా 1 మీటరు దూరంలో 50 కేజీల బరువు వేలాడదీయండి. 25 కేజీల బియ్యం బస్తాలు రెండు తూచి కట్టినా సరిపోతుంది. ఇప్పుడు ఛాసీ మీద పడే మెలిక 490 న్యూటన్ మీటర్లు.

ముందు వైపు కుడి ఎడమల్లో, ఉదాహరణకు 800 మి.మీ. దూరంలో, రెండు డయల్ గేజులు (చిన్న కదలికను ముల్లుతో చూపేవి) పెట్టండి. ఒకటి 3 మి.మీ. దిగి ఇంకొకటి 3 మి.మీ. లేస్తే తేడా 6 మి.మీ. ఆరుని 800తో భాగించి 57.3తో గుణిస్తే 0.43 డిగ్రీలు. 490ని దాంతో భాగిస్తే డిగ్రీకి సుమారు 1,140 న్యూటన్ మీటర్లు. పని అయ్యాక అదే తేడా 4 మి.మీ.కి తగ్గితే అది డిగ్రీకి దాదాపు 1,710 అవుతుంది. వెనక బిగించిన చోట కూడా రెండు గేజులు పెట్టి, అక్కడి కదలికను లెక్కలోంచి తీసేయండి. లేకపోతే మీ గడ్డరు వంగినదంతా ఛాసీ ఖాతాలో పడుతుంది.

అసలు లాభం ఇక్కడుంది. గేజులను ముందు నుంచి వెనక్కి ప్రతి 300 మి.మీ.కూ జరుపుతూ మెలిక కోణాన్ని గ్రాఫు కాగితం మీద వేయండి. గీత నెమ్మదిగా వాలుతూ పోవాలి. ఎక్కడైనా హఠాత్తుగా గెంతిందంటే మెత్తటి చోటు అదే. ఉక్కు పడాల్సింది అక్కడ. మిగతా చోట్ల వేసేదంతా దండగ.

మూడో పని: తిన్నగా ఉందా, మూలలు కుదిరాయా

గట్టిపరచిన వంకర ఛాసీ కంటే మెత్తటి తిన్నని ఛాసీ నయం. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలూ ఒక మట్టానికి తెచ్చి, ఛాసీ మీద ఎంచిన బిందువుల నుంచి తూకం గుండు దించి నేల మీద గుర్తులు పెట్టండి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ టేపుతో కొలిస్తే తేడా 3 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువుంటే అతకడం మానేసి ముందు ఛాసీని లాగించి తిన్నగా చేయించుకోవాలి. ఈ గుర్తులను చెరపకండి, పనంతా అయ్యేదాకా వాటితోనే సరిపోల్చుకోవాలి.

బాడీ దించకుండానే పని చేస్తుంటే, ముఖ్యంగా టాపు లేని కారైతే, తలుపు చట్రంలో రెండు యాంగిల్ ముక్కలు ఎక్స్ ఆకారంలో బోల్టులతో బిగించాకే కింద కొయ్యండి.

నాలుగో పని: ఉక్కు ఎంపిక

పాత రేకు మందానికి సమానం, లేదా ఒక గేజు (రేకు మందంలో ఒక మెట్టు) ఎక్కువ, అంతే. 2 మి.మీ. రెయిలుకు 5 మి.మీ. ప్లేటు అతికితే రెండూ కలిసే గీత దగ్గర పల్చటి రేకు అలసిపోయి చిరుగుతుంది. రేకైతే ఐఎస్ 513 కోల్డ్ రోల్డ్, ప్లేటైతే ఐఎస్ 2062 మైల్డ్ స్టీల్ అడగండి. చెన్నైలో పాత విడిభాగాల బజారైన పుదుపేటలో పాత బండి ఛానల్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి, కానీ వాటి ఉక్కు ఏమిటో, ఎన్ని వంపులు తిన్నదో ఎవరికీ తెలియదు. బోల్టులూ బ్రాకెట్లూ పుదుపేటలో వెతకండి, బలం ఇవ్వాల్సిన ఉక్కు మాత్రం కొత్తది కొనండి. అట్టతో టెంప్లేట్ కోసి ఇస్తే అంబత్తూరు, గిండీ ఎస్టేట్లలో లేజర్ కటింగ్ వాళ్లు అచ్చు అలాగే కోసిస్తారు.

బరువు లెక్క ముందే వేసుకోండి. 2 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 15.7 కేజీలు. రెండు రెయిళ్లను ఒకటిన్నర మీటరు మేర 100 మి.మీ. ఎత్తున మూస్తే 5 కేజీలు కూడా పెరగదు. మీ పథకం 30 కేజీలు దాటుతోందంటే ఎక్కడో అతి అవుతోంది.

అయిదో పని: సీ ఛానల్‌ను పెట్టెగా మూయడం

జీపు, వాన్‌గార్డ్ తరహా తెరిచిన రెయిళ్లకు ఇది. ముందు లోపలి వైపు తెల్లటి లోహం కనబడేదాకా శుభ్రం చేయండి. గ్రీజు కడగడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడిన చోట వెల్డింగ్ చేయకండి, ఆ వేడికి పుట్టేది ఫాస్జీన్ అనే విషవాయువు. అసిటోన్ వాడి, పూర్తిగా ఆరాక మొదలెట్టండి. గాల్వనైజ్డ్ ముక్కలుంటే జింకు పూత గీకేయాలి.

ప్లేటును ఛానల్ అంచులకు 2 మి.మీ. లోపలికి దించి కూర్చోబెడితే అతుకుకు గాడి దొరుకుతుంది. ఛానల్‌లోంచి పోయే ప్రతి బోల్టుకూ రెయిలు వెడల్పుకు సరిపడా గొట్టం ముక్క లోపల నిలబెట్టండి. అది లేకుండా మూసేస్తే, బోల్టు బిగించినప్పుడల్లా పెట్టె లోపలికి నొక్కుకుపోతుంది. బ్రేకు పైపులు, వైర్లు లోపల ఉంటే ఇప్పుడే వాటికి బయట దారి చూడాలి.

ప్లేటు చివర నిలువుగా కొయ్యొద్దు. చేప నోరులా లోపలికి వి ఆకారంలో కొయ్యండి. గట్టి భాగం నుంచి మెత్తటి భాగానికి బలం మెల్లగా దిగాలి. నిలువు గీతతో ఆపేస్తే ఏడాది రెండేళ్లలో సరిగ్గా ఆ గీత పక్కనే పగులు మొదలవుతుంది. పై కింది ఫ్లాంజిల (ఛానల్‌కు పైనా కిందా మడిచిన పట్టీల) అంచులకు అడ్డంగా ఎక్కడా వెల్డు గీత రాకూడదు. రెయిలు వంగేటప్పుడు ఎక్కువ లాగుడు ఉండేది ఆ అంచుల్లోనే.

0.8 మి.మీ. ఈఆర్70ఎస్-6 తీగతో మిగ్ వెల్డింగ్ ఈ పనికి బాగా కుదురుతుంది. ముందు 150 మి.మీ.కొక చుక్క పెట్టి కొలతలు చూసుకోండి. తర్వాత 25 మి.మీ. కుట్లు: ఒకటి ఎడమ రెయిలు ముందు, తర్వాతిది కుడి రెయిలు వెనక, మళ్లీ ఎడమ మధ్య. ఒకే చోట కూర్చుని బారుగా లాగితే రెయిలు అరటికాయలా వంగుతుంది. చెయ్యి ఆనించగలిగేంత చల్లారేదాకా అక్కడికి తిరిగి వెళ్లకండి, నీళ్లు పోసి చల్లార్చకండి. ప్రతి రౌండు తర్వాత తూకం గుండు నేల గుర్తుల మీద పడుతోందో లేదో చూడాలి. బలానికి కుట్లు చాలు గానీ, ఈ ఊరి గాలిలో కుట్ల మధ్య సందు అంటే తుప్పుకు తలుపు తీసినట్టే. కాబట్టి చివరకు ఆ ఖాళీలనూ విడతలుగా నింపండి. ఎర్త్ క్లాంపు అతికే చోటికి పక్కనే ఉండాలి, లేదంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని కాలుస్తుంది.

జీపు గురించి ఒక మాట. కొండదారుల్లో, గుంటల్లో తిప్పే జీపును ఈ చివర నుంచి ఆ చివరకు మూయకండి. గట్టి పట్టీల స్ప్రింగులున్న ఆ బండిలో చక్రాలు నేలను పట్టుకోవడానికి ఛాసీ కొంచెం ఊగాలి. మొత్తం బిగిస్తే ఆ ఒత్తిడి అడ్డదూలాల రివెట్ల మీద పడుతుంది. స్టీరింగు బాక్సు, ఇంజను మౌంట్లు, స్ప్రింగు షాకిళ్లు (స్ప్రింగు కొసను ఛాసీకి వేలాడదీసే లింకులు) పట్టే చోట్ల మాత్రం మూస్తే చాలు.

ఆరో పని: అడ్డదూలాలు, మూల ముక్కలు

హెరాల్డ్ రెయిళ్లు అప్పటికే పెట్టెలు, వాటికి పై పని అక్కర్లేదు. దానికి కావలసింది ఔట్‌రిగ్గర్లు రెయిలును కలిసే చోట, డిఫరెన్షియల్ బోల్టుల చోట, ముందు సస్పెన్షన్ టరెట్ల (సస్పెన్షన్‌ను పట్టే నిలువు దిమ్మల) అడుగున. కుళ్లిన ఔట్‌రిగ్గర్‌ను పూర్తిగా తీసి, కొత్తదాన్ని అసలు ఆకారంలోనే అతికి, పక్క రెయిళ్లు కూడా మార్చండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కొయ్యాలి, రెండూ ఒకేసారి కోస్తే కొలత పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

గ్రాఫులో గెంతు అప్పటికీ పోకపోతే మూల ముక్కలు పెట్టవచ్చు. త్రికోణం కోసి, లోపలి మూలను 10 మి.మీ. మేర గుండ్రంగా తీసేయండి, మూడు వెల్డులు ఒక బిందువులో కలవకుండా. త్రికోణం రేకు మధ్యలో కాకుండా రెయిలు పక్క గోడకు వరసలో వచ్చి కూర్చోవాలి. ఊరికే పరిచిన రేకు నడుమ నిలబెట్టిన మూల ముక్క డప్పు మీద వేలు పెట్టి నొక్కినంత పనే చేస్తుంది.

చట్రం నడుమ ఎక్స్ ఆకారపు అడ్డదూలం మెలికకు గొప్ప మందు. రెండు కాళ్లూ కలిసే చోట పైనా కిందా ప్లేటు వేసి మూయాలి. కానీ గేరుబాక్సు దింపడానికి, సైలెన్సరు పోవడానికి దారి ఉందో లేదో ముందే ఊహించుకోండి. గేరుబాక్సు కింద ముక్కను బోల్టులతో విప్పేలా చేయించడం తెలివి.

పాత పగుళ్లుంటే ప్లేటుతో కప్పేయకండి. పగులు కొసను వెతికి, కాస్త అవతల 3 మి.మీ. రంధ్రం వేసి, పగులంతా వి గాడిగా గ్రైండ్ చేసి నింపాకే పైన బలం ఇవ్వాలి.

ఏడో పని: మళ్లీ కొలత, తర్వాత రంగు

అవే బస్తాలు, అదే దూరం, అవే గేజులు. గ్రాఫులో పాత గెంతు చదునైతే పని అయినట్టే. గెంతు పక్కకు జరిగిందంటే మీరు బలాన్ని హఠాత్తుగా ఆపేశారు, ఆ కొస నుంచి ఇంకొంచెం సాగదీయాలి.

ప్రతి పెట్టె సెక్షన్ అట్టడుగున 8 మి.మీ. నీటి రంధ్రం ఉండాలి. బయట ఎపాక్సీ ప్రైమరు, పైన ఛాసీ బ్లాక్. లోపలికి పొడవాటి నాజిల్‌తో కేవిటీ వ్యాక్స్ (పెట్టె లోపల తుప్పును ఆపే మైనం) కొట్టండి, రంధ్రాల్లోంచి చుక్కలు పడేదాకా. మందపాటి తారు పూతలు నాకు నచ్చవు. కింద నీళ్లు చేరితే పైకి తెలియదు.

బాడీ కూర్చోబెట్టేటప్పుడు అన్ని బోల్టులూ వేలితో తిప్పి వదిలేసి, తలుపు సందులు సరిచేసుకున్నాక నడుమ నుంచి బయటికి బిగించుకుంటూ రండి. హెరాల్డ్‌లో ఎక్కువ మరలు అంగుళాల యూఎన్‌ఎఫ్ రకం. దగ్గరగా ఉందని మెట్రిక్ బోల్టు దూర్చితే మర పోతుంది. చక్రాల అలైన్‌మెంట్ కొత్తగా చేయించి, 500 కిలోమీటర్లు తిరిగాక బాడీ బోల్టులన్నీ ఇంకోసారి బిగించండి. అదే రోజు టార్చి పట్టుకుని కొత్త ప్లేటుల కొసల దగ్గర రంగు చూడండి. వెంట్రుకంత గీత కనబడితే అది రంగు పగులో ఉక్కు పగులో డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే రంగు ద్రవం) చల్లి తేల్చుకున్నాకే బండిని మళ్లీ రోడ్డెక్కించండి.